ముల్లు చెప్పేది వేరు, లీటరు చెప్పేది వేరు

మా అపార్టుమెంటులో ఉండే ఒక యువ ఉద్యోగి ఎంతో ఇష్టపడి కొనుక్కున్న చిన్న పెట్రోలు కారును ఇటీవల అమ్మకానికి పెట్టారు. ఆయన రోజూ విశాఖలోని ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక వైపు ఉద్యోగానికి వెళ్ళి వస్తారు. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే, "మైలేజీ అసలు ఇవ్వడం లేదండీ, ఒక పాయింటుకి ముప్పై కిలోమీటర్లు కూడా రావడం లేదు" అన్నారు. ఆయన లెక్క ప్రకారం ట్యాంకు 32 లీటర్లు, పెట్రోలు మీటరులో గీతలు (ఆయన పాయింట్లన్నవి ఇవే) ఎనిమిది, కనుక ఒక్కొక్క గీతకు నాలుగు లీటర్లు. నాలుగు లీటర్లకు ముప్పై కిలోమీటర్లంటే లీటరుకు ఏడున్నర. కొనేటప్పుడు విన్న సంఖ్య ఇరవై నాలుగు. ఈ రెండింటి మధ్య దూరం చూస్తే మోసపోయామని ఎవరికైనా అనిపిస్తుంది.

ఇప్పటిదాకా ఎన్ని లీటర్లు పోయించారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగారు అని అడిగాను. మొదటి ప్రశ్నకు ఆయన రూపాయల్లో సమాధానం చెప్పారు, రెండవదానికి అంచనాగా చెప్పారు. చదువుకున్న మనిషి, ఇంటి ఖర్చంతా ఫోనులో రాసుకునే మనిషి, లక్షలు పోసి కొన్న వాహనం గురించి ఇంత పెద్ద నిర్ణయాన్ని ఎనిమిది గీతల మీద ఆధారపడి తీసుకోవడం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. ఇది ఆయన ఒక్కరి విషయం కాదు. మన ఊళ్ళో చిన్న కార్ల మైలేజీ గురించి జరిగే సంభాషణలలో చాలా భాగం ఆ గీతల నుంచో, ఆ ముల్లు నుంచో పుట్టినవే.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఇంధన సూచికను తయారు చేసింది మనం దారిలో ఆగిపోకుండా ఉండడానికి. ఆ పనిని అది బాగానే చేస్తుంది. కారు లీటరుకు ఎంత ఇస్తోందన్న ప్రశ్నకు మాత్రం దాని దగ్గర సమాధానం లేదు. ఆ సమాధానం పోయించిన లీటర్లలోనూ, తిరిగిన కిలోమీటర్లలోనూ మాత్రమే ఉంది. కనీసం రెండు మూడు వేల కిలోమీటర్లకు ఈ రెండు సంఖ్యలూ రాసుకోనివారు తమ కారును తిట్టడమూ తొందరపాటే, పొగడడమూ తొందరపాటే.

ట్యాంకు లోపల

ట్యాంకులో ఒక తేలే బిళ్ళ ఉంటుంది, దానికి ఒక సన్నని చెయ్యి ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ బిళ్ళ కిందికి దిగుతుంది, చెయ్యి వంగుతుంది, ఆ చెయ్యి రెండవ కొసన ఉన్న విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పును మీటరు గీతలుగానో ముల్లుగానో చూపిస్తుంది. అంటే ఈ ఏర్పాటు కొలిచేది పెట్రోలు మట్టం ఎత్తును; పరిమాణాన్ని కాదు. ట్యాంకు నిలువు గోడల పెట్టె అయితే రెండూ ఒకటే అయ్యేవి. కానీ చిన్న కార్లలో ట్యాంకు సాధారణంగా వెనుక సీటు కింద, సైలెన్సరు గొట్టానికీ ఇరుసుకూ చోటు వదిలిపెట్టి, మిగిలిన ఖాళీలో ఇమిడేటట్లు వంకరటింకరగా అచ్చుపోసినది. బిందెలో నీళ్ళు మెడ దగ్గర జానెడు తగ్గడానికీ, పొట్ట దగ్గర జానెడు తగ్గడానికీ ఎంత తేడా ఉంటుందో, ట్యాంకులోనూ ఒక గీతకూ మరొక గీతకూ అంత తేడా ఉండవచ్చు. కొన్ని కార్లలో మీటరు దీనిని కొంతవరకు సరిదిద్దుతుంది. అయినా గీతలన్నీ సమానమని నమ్మదగినంతగా కాదు.

పైన ఇంకొక సంగతి ఉంది. ట్యాంకు పూర్తిగా నిండకముందే బిళ్ళ తన గరిష్ఠ ఎత్తుకు చేరి ఆగిపోతుంది. దానిపైన పోసిన పెట్రోలు మీటరుకు కనిపించదు. అందుకే నిండుగా పోయించిన తరువాత మొదటి గీత చాలా దూరం కదలదు. భోగాపురం దాటినా ఫుల్ చూపిస్తోందని సంతోషించినవారే, తరువాతి గీతలు గబగబా పడిపోతుంటే ఇంజనులో ఏదో చెడిందని బెంగపడతారు. అడుగున కూడా ఇదే పరిస్థితి. ముల్లు ఖాళీ గుర్తును తాకినప్పుడు ట్యాంకులో కొంత మిగిలే ఉంటుంది. హెచ్చరిక దీపం చాలా చిన్న కార్లలో నాలుగైదు లీటర్లు ఉండగానే వెలుగుతుంది. ఈ రెండు చివరలనూ వదిలేస్తే, గీతలన్నీ కలిసి పంచుకునేది మధ్యలో మిగిలిన పెట్రోలును మాత్రమే. మా పొరుగాయన నాలుగు లీటర్లనుకున్న గీత నిజానికి మూడో, రెండున్నరో కావచ్చు. అప్పుడు ఏడున్నర అనుకున్నది పది, పన్నెండు అవుతుంది.

పైగా పెట్రోలు నిశ్చలంగా ఉండదు. మలుపు తిరిగితే ఒక పక్కకు, బ్రేకు వేస్తే ముందుకు పోతుంది. ఆ కదలికనంతా చూపిస్తే ముల్లు నిలవదు కనుక, మీటరు కొంత సేపటి సగటు తీసి నెమ్మదిగా చూపిస్తుంది. కొన్ని కార్లయితే కొద్దిపాటి పెట్రోలు పోసినప్పుడు దానిని కొత్తగా పోసినదిగా గుర్తించవు. ఇంజను ఆపి మళ్ళీ స్టార్టు చేసి కొంత దూరం నడిపితేగానీ గీత పెరగదు.

ఈ సంగతులు తెలియకపోవడం వల్ల మనుషుల మీద కూడా అన్యాయం జరుగుతుంది. వాల్తేరు అప్‌లాండ్స్‌లో ఏటవాలు వీధిలో ఉండే ఒక పరిచయస్థుడు రోజూ రాత్రి కారును ఎగువకు ముఖం పెట్టి నిలిపేవారు. ఉదయం స్టార్టు చేయగానే ఒక గీత తక్కువ కనిపించేది. ఎవరో పెట్రోలు తీస్తున్నారని ఆయనకు అనుమానం కలిగి, అది కాపలాదారు మీదికి మళ్ళింది. ఆ పెద్దాయనను ఏమీ అనలేదుగానీ, ట్యాంకు మూతకు కొత్త తాళం వేయించారు, ఆయనతో మాట తగ్గించారు. తాళం తరువాత కూడా గీత తగ్గుతూనే ఉండేసరికి విషయం నా దాకా వచ్చింది. ఒక రాత్రి కారును దిగువకు తిప్పి నిలపమన్నాను. ఉదయం గీత తగ్గకపోగా, రాత్రి ఉన్నదానికన్నా కాస్త ఎక్కువే చూపించింది. వాలులో పెట్రోలు ఒక వైపుకు చేరడమే అక్కడ జరిగినదంతా. సింహాచలం కొండ మీదో, కైలాసగిరి దారిలోనో వాలులో కారు నిలిపినవారు ఎవరైనా దీనిని గమనించవచ్చు. కాపలాదారుకు మాత్రం తన మీద అనుమానం ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో ఎవరూ చెప్పి ఉండరు.

బంకు మీద అనుమానం

మనలో చాలామంది పెట్రోలును రూపాయలలో కొట్టిస్తాం. ఐదు వందలకు కొట్టమంటాం, వెయ్యికి కొట్టమంటాం. లీటరు వంద రూపాయలు దాటిన ఈ రోజుల్లో ఐదు వందలకు ఐదు లీటర్లు కూడా రావు. ఆ కొద్ది పెట్రోలు, మీటరు సరిగా స్పందించని అడుగు భాగంలో పడితే ఒక గీత పెరగవచ్చు, పెరగకపోవచ్చు. పెరగకపోతే బంకువాడు కొట్టేశాడన్న నిర్ధారణకు వచ్చేస్తాం.

బంకులన్నీ నిజాయితీగా ఉంటాయని నేను వాదించడం లేదు. పంపుల్లో చిప్‌లు అమర్చి కొలత తగ్గించిన ముఠా 2020లో తెలుగు రాష్ట్రాల్లోనే పోలీసులకు పట్టుబడింది. అనుమానం ఉండవలసిందే. అయితే ఆ అనుమానాన్ని తేల్చుకోవడానికి చట్టం మనకు సరైన సాధనాన్ని ఇచ్చింది. ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉండాలి. వినియోగదారుడు అడిగితే అందులో పోసి చూపించాలి. ఐదు లీటర్లకు అనుమతించిన తేడా ఇరవై ఐదు మిల్లీలీటర్లు, అంటే అర శాతం. ఒకసారి మద్దిలపాలెం వైపు ఒక బంకులో నా ముందున్న పెద్దమనిషి గీత పెరగలేదని గట్టిగా వాదిస్తుంటే, అక్కడి కుర్రాడు ఏమీ మాట్లాడకుండా ఆ పాత్ర తెచ్చి పోసి చూపించాడు. మట్టం గుర్తు దగ్గరే నిలిచింది. పెద్దమనిషి అది చూసి కూడా, "మరి నా మీటరు అబద్ధం చెబుతుందా?" అన్నారు. ఆయన ప్రశ్నలో నిజాయితీ ఉంది. కారు డ్యాష్‌బోర్డు మీద వెలిగే బొమ్మకు మనం ఇచ్చే విలువ, ప్రభుత్వ ముద్ర ఉన్న పాత్రకు ఇవ్వలేకపోతున్నాం. ఎందుకంటే ఆ బొమ్మ రోజూ మన కళ్ళ ముందు ఉంటుంది, పాత్రను మనం ఎప్పుడూ అడిగి ఉండం.

ఇదే కోవలో మరొక వాదన వినిపిస్తుంది. కంపెనీ పుస్తకంలో ట్యాంకు 35 లీటర్లని ఉంటే 37 లీటర్లు ఎలా పట్టిందని గొడవ పడతారు. పుస్తకంలో రాసేది ఆవిరికీ, వేడికి పెట్రోలు వ్యాకోచించడానికీ పైన ఖాళీ వదిలి చెప్పిన పరిమాణం. పోసే గొట్టాన్నీ, ఆ ఖాళీనీ కలుపుకుంటే అంతకన్నా ఎక్కువ పట్టడంలో వింత లేదు. అలా మూతి దాకా నింపడం మాత్రం మంచిది కాదు. పెట్రోలు ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బాలోకి ద్రవమే చేరి దానిని పాడుచేస్తుంది. నాజిల్ మొదటిసారి తనంతట తానుగా ఆగినప్పుడే చాలించాలి.

ఉదయాన్నే కొట్టిస్తే చల్లగా చిక్కగా ఎక్కువ వస్తుందన్న నమ్మకం గురించి ఒక్క మాట. పెట్రోలు ఒక డిగ్రీకి సుమారు 0.1 శాతం వ్యాకోచిస్తుంది, నిజమే. కానీ బంకు ట్యాంకు భూమి లోపల ఉంటుంది, అక్కడ ఉదయానికీ మధ్యాహ్నానికీ ఉష్ణోగ్రత పెద్దగా మారదు. సగం ట్యాంకే ఉంచితే బరువు తగ్గి మైలేజీ పెరుగుతుందన్నది కూడా ఇంతే. పదిహేను లీటర్ల పెట్రోలు పదకొండు కిలోల పైచిలుకు. వెనుక సీట్లో ఒక చిన్న పిల్లవాడు కూర్చున్నా అంతకన్నా ఎక్కువే. ఎప్పుడూ అడుగంటించి నడిపితే, ట్యాంకులో మునిగి ఉండి పెట్రోలుతోనే చల్లబడే పంపుకు నష్టం తప్ప ప్రయోజనం లేదు.

కంపెనీ చెప్పే సంఖ్య

ఇరవై నాలుగు అన్న సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే దాని మీద కోపం చాలావరకు తగ్గుతుంది. పూణేలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థలలో కారును రోలర్ల మీద నిలబెట్టి, నిర్ణీత క్రమంలో వేగం పెంచుతూ తగ్గిస్తూ 1180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాల లోపు నడుపుతారు. మొదటి భాగం నగర ప్రయాణాన్ని, రెండవది ఊరి వెలుపలి ప్రయాణాన్ని అనుకరిస్తుంది. గరిష్ఠ వేగం 90 కిలోమీటర్లు. ఏసీ ఆపి ఉంటుంది. గాలి లేదు, ఎత్తు లేదు, గుంట లేదు, అడ్డం వచ్చే ఆటో లేదు. పొగలోని కర్బనాన్ని కొలిచి దాని నుంచి ఖర్చయిన ఇంధనాన్ని లెక్కగడతారు. అన్ని కార్లకూ ఒకే పరీక్ష కనుక, ఈ కారు ఆ కారుకన్నా పొదుపైనదా అన్న ప్రశ్నకు ఆ సంఖ్య న్యాయంగా సమాధానం చెబుతుంది. మీ ఇంటి నుంచి మీ ఆఫీసుకు ఎంత ఇస్తుందని మాత్రం అది ఎప్పుడూ చెప్పలేదు.

షోరూములో ఆ సంఖ్యను పెద్ద అక్షరాలలో పెట్టి, ఏ పరిస్థితులలో వచ్చిందో చెప్పకపోవడం తప్పేనని నేను గట్టిగా నమ్ముతాను. ఏసీ వేసి పరీక్షించిన సంఖ్య కూడా పక్కనే ఉంటే కొనేవారికి మేలు. ముఖ్యంగా మన సముద్రతీరపు ఊరికి అది అవసరం. విశాఖలో ఎండ కన్నా ఉక్కపోత ఎక్కువ బాధిస్తుంది. ఇక్కడ ఏసీ గాలిని చల్లబరచడంతో పాటు అందులోని తేమను కూడా నీరుగా మార్చి బయటికి పంపాలి. బీచ్ రోడ్డు మీద నిలిపిన కారు కింద కారే ఆ నీటి ధార ఊరికే వచ్చినది కాదు; దానికి అయిన ఖర్చు పెట్రోలు లెక్కలోనే చేరుతుంది.

సిగ్నళ్ళ దగ్గర ఆగే సమయాన్ని ఒకసారి లెక్కవేద్దాం. ఏసీ వేసి నిలబడిన చిన్న కారు గంటకు సుమారు ఒక లీటరు తాగుతుందనుకోండి. రోజుకు ముప్పై కిలోమీటర్ల ప్రయాణంలో, కదులుతున్నప్పుడు లీటరుకు పదహారు ఇచ్చే కారుకు దాదాపు 1.9 లీటర్లు పడుతుంది. మద్దిలపాలెంలో, ఎన్‌ఏడీ కూడలి దగ్గర, పాత గాజువాకలో లారీల వెనుక కలిపి ఇరవై నిమిషాలు నిలబడితే మరో 0.3 లీటరు. ఇప్పుడు మైలేజీ పదమూడున్నర. ఇంజనులో ఏ లోపమూ లేదు, బంకులో ఏ మోసమూ లేదు. ఆ ఇరవై నిమిషాలలో కారు ఒక్క అడుగు కూడా కదలలేదు, అంతే.

పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య మైలేజీ తగ్గిందంటే అందరూ ముందుగా దానినే అంటున్నారు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికన్నా సుమారు మూడో వంతు తక్కువ. ఇరవై శాతం కలిపితే మొత్తం మీద ఆరేడు శాతం తగ్గాలి. నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన మార్గసూచీ కూడా, ఇరవై శాతం మిశ్రమం వాడితే, ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి పది శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన కార్లకు ఆరేడు శాతం, పది శాతానికి రూపొందించి ఇరవైకి సర్దుబాటు చేసిన కార్లకు ఒకటి రెండు శాతం తగ్గుదల ఉంటుందని అంచనా వేసింది. పాత కారు ఉన్నవారి ఫిర్యాదులో నిజం ఉందన్నమాట. అయితే పదిహేను ఇచ్చే కారు ఆరు శాతం తగ్గితే పద్నాలుగు అవుతుంది, పది కాదు. ఈ పాటి తేడాను ఎనిమిది గీతల మీటరు ఎలాగూ పట్టుకోలేదు. ఇథనాల్ వల్ల నష్టం ఎంతో నిజంగా తెలుసుకోవాలన్నా, ప్రభుత్వాన్ని ప్రశ్నించాలన్నా, చేతిలో లీటర్ల లెక్క ఉండాలి. లేకపోతే మనది గొణుగుడుగానే మిగిలిపోతుంది.

రెండుసార్లు నింపితే చాలు

నిండు ట్యాంకు నుంచి నిండు ట్యాంకుకు లెక్క వేసే పద్ధతి అందరికీ తెలిసినదే. దాని మీద రెండు అభ్యంతరాలు వింటుంటాను.

మొదటిది, నాజిల్ ప్రతిసారీ ఒకే మట్టం దగ్గర ఆగదు కదా అని. నిజమే. నాజిల్ కొసన ఉన్న చిన్న రంధ్రాన్ని పెట్రోలు గానీ నురగ గానీ మూసినప్పుడు లోపలి చూషణం మారి అది ఆగుతుంది. వేగంగా కొడితే ముందే ఆగవచ్చు, నేల వాలుగా ఉంటే తేడా రావచ్చు. ఆ తేడా ఒక లీటరు దాకా ఉంటుందనుకుందాం. పది లీటర్లు పోయించి లెక్క వేస్తే అది పది శాతం పొరపాటు, అటువంటి లెక్క పనికిరాదు. కానీ మొదటిసారి నింపిన తరువాత మొత్తం నూట యాభై లీటర్లు పోయించే దాకా ఆగి అప్పుడు లెక్క వేస్తే, పొరపాటు ఆ ఒక్క లీటరు దగ్గరే ఉండిపోతుంది, అంటే ఒక శాతం కూడా కాదు. మధ్యలో వచ్చిన తేడాలు ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. మొదటి నింపుడు, చివరి నింపుడు మాత్రమే లెక్కలోకి వస్తాయి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, మొదటి ఆగుడు దగ్గరే చాలిస్తే ఈ తేడా కూడా తగ్గుతుంది.

రెండవ అభ్యంతరం డబ్బుకు సంబంధించినది, నాకు ఇదే ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. ప్రతిసారీ ట్యాంకు నింపడానికి మూడు వేల పైన కావాలి, నెలాఖరున అంత ఒక్కసారిగా పెట్టలేము అంటారు. పెట్టనక్కరలేదు. మొదట ఒకసారి నింపి కిలోమీటర్ల రీడింగు రాసుకోండి. ఆ తరువాత రెండు మూడు నెలలు ఐదు వందలకో వెయ్యికో మీ వీలును బట్టి పోయిస్తూ, ప్రతి రసీదులో ఉన్న లీటర్లను మాత్రం రాసుకుంటూ పోండి. చివర ఒకసారి నింపండి. మొదటి నింపుడును వదిలేసి మిగిలిన లీటర్లన్నీ కూడి, తిరిగిన కిలోమీటర్లను వాటితో భాగిస్తే చాలు. నింపవలసింది రెండేసార్లు. ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పకపోవడం వల్ల, రూపాయలలో కొట్టించేవారు తమకు అసలు లెక్క సాధ్యం కాదనుకుని గీతల దగ్గర ఆగిపోయారు.

కిలోమీటర్ల వైపు కూడా చిన్న జాగ్రత్త అవసరం. టైరు అరిగేకొద్దీ చక్రం చుట్టుకొలత తగ్గి, మీటరు నిజం కన్నా ఎక్కువ దూరం చూపిస్తుంది. కొత్త టైరుకూ బాగా అరిగిన టైరుకూ రెండు శాతం దాకా తేడా రావచ్చు. జాతీయ రహదారి మీద ఆనందపురం దాటిన తరువాత కిలోమీటరు రాళ్ళను చూస్తూ ఇరవై కిలోమీటర్లు పోల్చి చూసుకుంటే తమ మీటరు ఎంత అటూ ఇటూ ఉందో తేలిపోతుంది.

ఇప్పటి కార్లలో సగటు మైలేజీ తెర మీదే కనిపిస్తుంది కదా, ఇదంతా ఎందుకు అంటారు. ఆ సంఖ్య ఇంజనులోకి పెట్రోలు చిమ్మే సూదులు ఎంతసేపు తెరుచుకున్నాయన్న దాని నుంచి లెక్కించినది. గీతలకన్నా ఎంతో మేలు. ఈ నెలను పోయిన నెలతో పోల్చడానికి నేనూ దానినే చూస్తాను. కానీ అది లెక్కించినది, కొలిచినది కాదు. నిజం కన్నా కొంత ఎక్కువ చూపించడం చాలా కార్లలో సాధారణం. ఒకసారి రసీదుల లెక్కతో పోల్చి, తెర ఎంత ఎక్కువ చెబుతోందో తెలుసుకుంటే ఆ తరువాత దానిని నిశ్చింతగా వాడుకోవచ్చు. ఇంకా ఇన్ని కిలోమీటర్లు వెళ్ళవచ్చని చూపే సంఖ్య మాత్రం ఇటీవలి ప్రయాణాన్ని బట్టి మారిపోతుంటుంది. గాజువాక రద్దీలో నుంచి రహదారి ఎక్కగానే అది పెరిగినంత మాత్రాన ట్యాంకులో పెట్రోలు పెరగదు.

సగటు తీయడంలో జరిగే ఒక పొరపాటు కూడా చెప్పాలి. ఊళ్ళో 12, రహదారి మీద 20 ఇస్తోంది కనుక సగటు 16 అంటారు. 120 కిలోమీటర్లు ఊళ్ళో తిరిగితే పది లీటర్లు, 120 రహదారి మీద తిరిగితే ఆరు లీటర్లు. మొత్తం 240 కిలోమీటర్లకు పదహారు లీటర్లు, అంటే 15. మైలేజీలను కూడి సగం చేయకూడదు. కిలోమీటర్లను కిలోమీటర్లతో, లీటర్లను లీటర్లతో కూడాలి.

దారి వాటా

అరకు వెళ్ళి వచ్చినవారి మాటలలో ఈ గందరగోళం బాగా కనిపిస్తుంది. వెళ్ళేటప్పుడు లెక్క చూసినవారు కారు దండగ అంటారు, తిరిగి వచ్చేటప్పుడు చూసినవారు అద్భుతం అంటారు. సముద్రమట్టం నుంచి అరకు లోయ దాకా ఎక్కవలసిన ఎత్తు దాదాపు 900 మీటర్లు. నలుగురు మనుషులతో కలిపి 1100 కిలోల కారును అంత ఎత్తుకు చేర్చడానికి సుమారు 9.7 మెగాజౌళ్ళ శక్తి కావాలి. లీటరు పెట్రోలులో 32 మెగాజౌళ్ళు ఉన్నా ఇంజను అందులో నాలుగో వంతునే పనికి తెస్తుందనుకుంటే, కేవలం ఎత్తు ఎక్కడానికే 1.2 లీటర్లు ఖర్చు. చదునుగా ఉంటే 115 కిలోమీటర్లకు 6.4 లీటర్లు తాగే కారు ఇప్పుడు 7.6 తాగుతుంది. లీటరుకు పద్దెనిమిది పదిహేను అవుతుంది. ఘాట్ మలుపులలో రెండో గేరులో లాగితే ఇంకా తగ్గుతుంది.

దిగేటప్పుడు గేరులోనే ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజనుకు పెట్రోలు పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవారు ఈ లాభాన్ని పోగొట్టుకుంటారు, ఎందుకంటే న్యూట్రల్‌లో ఇంజను ఆగకుండా తిరగడానికి పెట్రోలు కావాలి. అనంతగిరి మలుపులలో బ్రేకులు వేడెక్కి పట్టు తప్పే ప్రమాదం దీనికి తోడు. ఇందులో పొదుపు లేదు, ప్రాణాపాయం ఉంది. దయచేసి ఎవరూ అలా చేయకండి.

ఈ లెక్కంతా చెప్పేది ఒకటే. ఎక్కేటప్పటి పదిహేనూ, దిగేటప్పుడు వచ్చే అంతకన్నా పెద్ద సంఖ్యా రెండూ అదే కారువి. ఒకటి ఎక్కిన కొండది, ఒకటి దిగిన కొండది. మా పొరుగాయన కారు భీమిలిలో ఉండి రోజూ బీచ్ రోడ్డు మీద తీరుబడిగా వచ్చే వారి చేతిలో ఉంటే మరొక సంఖ్య వచ్చేది. అందుకే ఎవరి కారు ఎంత ఇస్తుందన్న పోటీలో నాకు నమ్మకం లేదు. నా కారు నిరుడు ఇదే దారిలో ఎంత ఇచ్చింది, ఇప్పుడు ఎంత ఇస్తోంది అన్న పోలికలో నమ్మకం ఉంది.

ఇంత శ్రమ అవసరమా

కారు కొన్నది తిరగడానికి, లెక్కలు రాయడానికి కాదు అని మా ఇంట్లోనే అంటారు. ఆ మాటను నేను తేలికగా తీసుకోను. ప్రయాణంలో ఉన్నంతసేపూ మైలేజీ గురించే బెంగపడుతూ, ఉక్కలో పిల్లలను కూర్చోబెట్టి ఏసీ ఆపేసే మనిషిని చూస్తే నాకూ బాధగానే ఉంటుంది. కానీ రసీదు మీది లీటర్లను ఫోనులో రాయడానికి పట్టే సమయం అర నిమిషం. ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు పద్దెనిమిది బదులు పదిహేను ఇస్తే ఏటా 133 లీటర్లు ఎక్కువ, అంటే పద్నాలుగు వేల రూపాయల దాకా. మధ్యతరగతి ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు.

డబ్బు కన్నా ముఖ్యమైన ఉపయోగం మరొకటి ఉంది. తన దారిలో తన కారు పద్నాలుగు ఇస్తుందని ఏడాదిగా తెలిసినవారికి, అది పన్నెండుకు పడిపోయినప్పుడు వెంటనే తెలుస్తుంది. మర్రిపాలెంలో ఉండే నా మిత్రుడొకరు ఇలాగే రసీదుల లెక్కలో తగ్గుదల గమనించి మెకానిక్ దగ్గరికి వెళ్ళారు. వెనుక చక్రం ఒకటి ముట్టుకోలేనంత వేడిగా ఉంది. బ్రేకు పూర్తిగా వదలడం లేదు. నడిపేటప్పుడు ఆయనకు ఏ తేడా తెలియలేదు, శబ్దం లేదు, మీటరులో గీతలు ఎప్పటిలాగే పడుతున్నాయి. లెక్క లేకపోయి ఉంటే ఆ చక్రంతోనే కుటుంబాన్ని తీసుకుని అరకు ఘాట్ దిగి ఉండేవారు.

అటువంటి తగ్గుదల కనిపించినప్పుడు ముందుగా టైర్లలో గాలి చూడాలి. గాలి ఒక పాయింటు (పీఎస్‌ఐ) తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం తగ్గుతుంది, నాలుగింటిలోనూ ఎనిమిది పాయింట్లు తగ్గితే దాదాపు ఒకటిన్నర శాతం. అది సరిగానే ఉంటే, కాస్త దూరం నడిపి ఆపి నాలుగు చక్రాల దగ్గర వేడిని పోల్చి చూడాలి. తరువాత ఎయిర్ ఫిల్టరు, స్పార్కు ప్లగ్గులు. ఎంత దూరం నడిపినా ఇంజను వేడెక్కకుండా చల్లగానే ఉంటోందా అన్నది కూడా గమనించాలి, ఎందుకంటే ఇంజను వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోతే ఇంజను ఎప్పుడూ అప్పుడే స్టార్టు చేసినట్టుగా ఎక్కువ పెట్రోలు తీసుకుంటుంది. వీటిలో ఏదీ కాకపోతే అప్పుడు సెన్సర్లను పరీక్షించమని మెకానిక్‌ను అడగాలి, అడిగేటప్పుడు రాసుకున్న లీటర్లనూ కిలోమీటర్లనూ ఆయన ముందు పెట్టాలి.